పందెం పొట్టేలు మేత

ధాత నామ సంవత్సరపు కరువు దాటి బతికి బయటపడ్డవాళ్ళలో పొట్ట పెరిగిన మగవాడు ఉదయగిరి మొత్తానికి ఒక్కడేనని జనం చెప్పుకునేవాళ్ళు. అతను దూదేకుల బాబ్జాన్. ఆ పొట్ట పెంచిన ఘనత మాత్రం అతని పెళ్ళాం బీబమ్మది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు కూడా.

కరువులో మొగుడి పక్కటెముకలు బయటికి పొడుచుకొస్తుంటే కళ్ళారా చూసిన మనిషి ఆమె. వానలు పడి, చేలు పండి, కొత్త పరుపులు కుట్టించుకునే తాహతు జనానికి మళ్ళీ వచ్చి, ఇంట్లోకి గింజలు చేరిన నాటినుంచీ ఆమెకు ఒకటే పని. సంగటి ముద్దలో గుంట చేసి, గుంట నిండా నెయ్యి పోసేది. అతను చాలంటే విననట్టు ఇంకో ముద్ద వేసేది. రోజురోజుకీ ముందుకొస్తున్న ఆ పొట్ట మీద చెయ్యి వేస్తేగాని ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఇంట్లో తిండి ఉందన్న ధీమా ఆమెకు గింజల కుండను చూస్తే కాదు, ఆ పొట్టను చూస్తే వచ్చేది.

బాబ్జానుకు పొట్టతో పేచీ ఏమీ లేదు, రాతిగుండు ఎత్తే దగ్గర తప్ప. పగలంతా దూదేకే విల్లు మీటి, సాయంత్రం ఊళ్ళోవాళ్ళు కసరత్తు చేసే తాలింఖానాకు పోయి గుండ్లు ఎత్తడం అతనికి చిన్ననాటినుంచీ సరదా. పందేలకు పోయేవాడు కాదు, పేరు కోసం పాకులాడేవాడూ కాదు. ఊరికే ఎత్తేవాడు, దించేవాడు, చెమట తుడుచుకుని ఇంటికొచ్చేవాడు. పెద్దగుండును మాత్రం పీర్ల పండగకే కదిలిస్తారు. దాన్ని నేల మీంచి తొడల మీదికి తెచ్చుకుని, పొట్ట మీదుగా రొమ్ముకు పొర్లించి, అక్కణ్ణించి భుజానికి వెయ్యాలి. కరువుకు ముందు మూడేళ్ళు వరసగా వేశాడు. కరువు పోయాక వచ్చిన పండగకు తొడల దాకా తెచ్చాడు, అంతే. గుండు పొట్ట ఎక్కదు, పొట్ట లోపలికి పోదు. చూసేవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు గాని, ఇంటికి మాత్రం తలొంచుకుని వచ్చాడు.

మర్నాడు పళ్లెం ముందు కూర్చుని ఒక్క ముద్ద చాలన్నాడు, నెయ్యి వద్దన్నాడు.

బీబమ్మ గుండె జారిపోయింది. తిండి పెట్టమని ఏడ్చే నోళ్ళను చూసింది గాని, ఉన్న తిండిని వద్దనే నోరు ఆమె ఎరగదు. జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది. జ్వరం కాదు, పొట్ట కరిగించుకోవాలట. ఈ వయసులో ఈ సోకేందని దెప్పింది, బతిమాలింది, రెండు రోజులు అలిగింది. అతను సోకుల మనిషి కాడని ఆమెకూ తెలుసు. భయమంతా అందుకే. ఎందుకని ఎంత అడిగినా చెప్పడు.

ఇక తనకు తెలిసిన ఉపాయం చేసింది. పొట్టేలి కొవ్వు కరిగించి, సంగటి కెలికేటప్పుడే అందులో కలిపేసింది. పైకి నెయ్యి కనపడదు, ముద్ద ఒకటే. నెల దాటినా పొట్ట వేలెడు తగ్గలేదు. ఆమె లోలోపల సంబరపడింది. ఇందులో ఆమెను తప్పుపట్టేవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ధాత సంవత్సరంలో ఈ సీమలో లేనివాళ్ళయి ఉండాలి.

బాబ్జాన్ మహా మొండివాడు. ఒక ముద్దకు తగ్గకపోతే అర ముద్ద తినాలి కాబోలు అనుకున్నాడు. తర్వాత పొద్దుటి చద్ది మానేశాడు. రంజాను ఇంకా ఎంతో దూరముండగానే ఉపవాసాలు మొదలుపెట్టాడు. పొట్ట తగ్గాక చూసుకోవచ్చని గుండ్లెత్తడం కూడా ఆపేశాడు. ఎండాకాలం వచ్చేసరికి మనిషి వాడిపోయాడు. చోద్యమేమిటంటే పొట్ట చాలామటుకు ఉన్నచోటే ఉంది. కరిగింది చేతుల దండలూ, రొమ్మూ, తొడలూ. విల్లు కూడా పూటంతా మీటలేకపోయేవాడు.

ఒక సాయంత్రం తాలింఖానాకు పోయి, కొత్తగా చేరినవాళ్ళు ఎత్తే చిన్నగుండు పట్టుకున్నాడు. అది మోకాలి దాకా కూడా రాలేదు. ఇంటికొచ్చి గోడవారన కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బీబమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈసారి అడగకుండానే చెప్పాడు.

"ఆత్మకూరు దోవలో గూడా ఇట్లానే అయింది గదా బీబీ. నువ్వు పడిపోయినావు. మూడేండ్లు పెద్దగుండు మోసినోణ్ణి, నిన్ను లేపలేకపోయినాను. అప్పుడు నువ్వేమన్నా బరువుండావా? దూదిమూటంత లేవు. రెండు తూర్లు చేతులేసినా, లేవలా. ఎవురో ఎద్దులబండాయన వొచ్చి ఎత్తినాడు."

కరువులో ఆత్మకూరులో గంజి పోస్తున్నారని విని, ఎలాగూ ఆమె పుట్టిల్లు కూడా అక్కడే కదా అని, ఇద్దరూ కాలినడకన బయల్దేరిన రోజది. అప్పటినుంచీ గుండు ముందు నిలబడ్డప్పుడల్లా అదే గుర్తొస్తుందన్నాడు. పెద్దగుండు మళ్ళీ భుజానికెక్కితే, ఇంకో కరువొచ్చినా ఆమెను ఎత్తగలనని నమ్మకం కుదురుతుందన్నాడు. పొట్ట ఉంటే గుండు రాదు, పొట్ట తగ్గించబోతే బలం పోతోంది, ఇక దారి తెలియడం లేదన్నాడు.

బీబమ్మకు ఆ రోజు బాగా గుర్తు. ఆమెకు గుర్తున్నది మాత్రం వేరే. అది చెప్పబోయింది గాని, ఇప్పుడేం చెప్పినా ఓదార్చడానికే అంటున్నాననుకుంటాడని ఆగిపోయింది. కొవ్వు కలిపిన సంగతి మాత్రం ఒప్పుకుంది. తిడతాడనుకుంది. అతను ఆమె మొహంలోకి చూసి, "నిన్నింత భయపెట్టినానా" అన్నాడు. తిట్టి ఉంటే ఊరుకునేదేమో, ఆ మాటకు ఏడ్చేసింది.

ఏడుపు అయ్యాక ఆమెకు నాయన గుర్తొచ్చాడు. ఆత్మకూరులో ఆమె నాయన మస్తానయ్య పందెం పొట్టేళ్ళు పెంచేవాడు. పందేలు లేని రోజుల్లో పొట్టేలు తిని తిని కొవ్వెక్కి, నాలుగడుగులకే రొప్పేది. పందెం ఇంకా ఆరు నెలలుందనగానే నాయన మేత మార్చేవాడు. తవుడూ బెల్లమూ తగ్గించేవాడు, ఉలవలు మాత్రం గుప్పెడు కూడా తగ్గించేవాడు కాదు. కడుపు మాడిస్తే కొవ్వుకంటే ముందు కండ పోతుందనేవాడు. ఢీ కొట్టించడం ఆపేవాడు కాదు. ఢీలు లేకపోతే ఈ కండ నాకెందుకని పొట్టేలు దాన్ని వదిలేసుకుంటుందని ఆయన సిద్ధాంతం. రోజు విడిచి రోజు ఢీ, మధ్య రోజు నడక, కంటినిండా నిద్ర. పదిహేను రోజుల్లో మాడ్చి సన్నబరిచిన పొట్టేలు మొదటి ఢీకే మోకాళ్ళ మీద పడిపోవడం చిన్నప్పుడు ఆమె కళ్ళారా చూసింది.

మొగుణ్ణి పొట్టేలుతో పోల్చినందుకు ఆమె సిగ్గేమీ పడలేదు. ఆ మాట విని బాబ్జాన్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మర్నాటినుంచి పళ్లెం మారింది. సంగటి ఒక్క ముద్దే, కానీ కొవ్వు కలపని నిఖార్సయిన ముద్ద. పక్కన ఉడకేసిన ఉలవలు, రెండు కోడిగుడ్లు, కడుపు నిండేటంత ఆకుకూర, వెన్న తీసిన మజ్జిగ, కుదిరిన రోజు కొవ్వు ఒలిచేసిన మాంసం. రోజు విడిచి రోజు తాలింఖానా, మిగతా రోజుల్లో కోటకొండ సగం దాకా ఎక్కి దిగడం. ప్రతి శుక్రవారం బీబమ్మ రెండు నూలుతాళ్ళు తీసి, ఒకటి పొట్టకూ ఒకటి దండకూ చుట్టి చూసేది. పొట్టతాడు వదులు కావాలి, దండతాడు కాకూడదు. ఒక వారం దండతాడు కూడా వదులైతే, గాభరాపడి ఆ వారమంతా ఇంకో ముద్దా ఇంకో గుప్పెడు ఉలవలూ వడ్డించింది. రంజాను నెలలో కొలతల జోలికి పోలేదు, పొద్దుగూకాక అతను తిన్నంత పెట్టింది.

తన చేతిని తను నమ్మలేక నెయ్యి కుండను పొరుగింటి రెబెకమ్మకు అప్పగించి, నేనొచ్చి అడిగినా ఇవ్వొద్దని చెప్పింది. రెండుసార్లు పోయి అడిగింది. రెబెకమ్మ ఇవ్వలేదు. రెండోసారి ఇవ్వనందుకు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు కూడా.

వానాకాలం పోయాక ఒక పొద్దున అతను నీళ్ళు పోసుకుంటుంటే కింది పక్కటెముక ఒకటి తేలి కనబడింది. బీబమ్మ చేతిలో చెంబు కింద పడిపోయింది. ఆమెకు కళ్ళముందు ఆత్మకూరు దోవే కదిలింది. బాబ్జాన్ ఆమె చెయ్యి తీసి తన దండ మీద పెట్టుకున్నాడు. దండ గట్టిగా ఉంది, వెచ్చగా ఉంది. మధ్యాహ్నం వంటప్పుడు రెండుసార్లు పిండికుండ దాకా పోయింది గాని, ఆ పూట సంగటి మాత్రం పెంచలేదు. ఆ ఏడాది మొత్తంలో ఆమె చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అదే.

పీర్ల పండగ వచ్చింది. గుండు తొడల మీదికొచ్చింది, పొట్ట దగ్గర కాస్త నిలిచింది, రొమ్ముకెక్కింది, భుజం చేరింది. ఊరు ఊరంతా కేకలేసింది. ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ బీబమ్మ గుండును చూడలేదు, అతని మోకాళ్ళనే చూసింది. అవి వణకలేదు.

ఇంటికొచ్చాక మాత్రం అతను దిగాలుగా కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, కావలసిన నాటికి లేని బలం ఇప్పుడొచ్చి ఏం లాభమన్నాడు. బీబమ్మకు ఇక ఆగబుద్ధి కాలేదు.

"నాకు ఆ బండాయన గుర్తు లేడయ్యా," అంది. "నా మొగాన ఎండ పడకుండా నువ్వు నిలబడింది గుర్తుండాది. పొద్దు తిరిగేకొద్దీ నువ్వూ తిరిగినావు. కాళ్ళు వొణికినాయి, అయినా కూలబడలా. బండి వచ్చిందాకా నిలబడినావు. నేను బతికింది ఆ నీడన."

 బాబ్జాన్ లేచి, ఒక చెయ్యి ఆమె వీపు కిందా ఒక చెయ్యి మోకాళ్ళ కిందా వేసి ఎత్తాడు. తలుపు తీసే ఉందని ఆమె గోల చేసింది, దించమని భుజం మీద కొట్టింది. ఈ రెండేళ్ళూ మొగుడితో పాటు తనూ తిన్నదే కదా, ఒళ్ళు చేసి నిండుగా ఉంది మనిషి. అతని కాళ్ళు ఒక్క అడుగు తడబడి నిలదొక్కుకున్నాయి.

"బరువుండావే బీబీ," అన్నాడు, కళ్ళనీళ్ళు కారిపోతుంటే. "శానా బరువుండావు."