పదివేల ఒకటో చెంబు

ఆ ఏడు ఉరవకొండ పక్కనున్న ఆ పల్లెలో వానకు కరువొచ్చింది గానీ, కరువుకు కరువు రాలేదు. పెద్దమనిషి బయ్యన్న ఆంజనేయుడికి పదివేల చెంబుల నీళ్లు పోయిస్తానని మొక్కి, సున్నాతో ముగిస్తే అశుభమని అలవాటుగా చివర ఒకటి తగిలించాడు. పోసిన నీళ్లు పశువుల తొట్టిలోకి పోతాయి. దేవుడికీ దూడకూ ఒకటే ట్యాంకరు.

చిక్కంతా పంపకంలో వచ్చింది. ప్రతి ఇల్లూ సమానంగా పోయాలి. పోసిన ఇళ్ల పశువులకే తొట్టి. పోయినసారి మిగిలిన చెంబులు మేం పోస్తామంటే మేమని రెండు వీధులు తన్నుకున్నాయి. అందుకని ఈసారి లెక్కను రిటైరైన లెక్కల అయ్యవారు కుళ్లాయప్పకు అప్పగించారు. ఆయన రాసిన జాబితాలో ఇళ్లు డెబ్బై రెండు.

చదివి వినిపించిన రోజే మేకల సుంకమ్మ అడిగింది.

"సారూ, నా గుడిసె యాడుండాది ఇందులో?"

"వంక దాటితే ఊరు కాదమ్మా."

"వంకలో నీళ్లు పారి ఎన్నేండ్లాయ? నా మేకలు ఏం తాగల్ల?"

ఆ మాటకు వంక పెట్టలేక, "జాబితా అయిపోయింది" అని తప్పించుకున్నాడు కుళ్లాయప్ప.

ఇంటికొచ్చి పదివేల ఒకటిని డెబ్బై రెండుతో భాగిస్తే అరవై ఐదు మిగిలింది. శేషం కాదది, పడగెత్తిన ఆదిశేషుడు. బయ్యన్న దగ్గరికి పరుగెత్తాడు.

"అరవై ఐదు చెంబులు తగ్గిద్దామా బయ్యన్నా?"

"ఏమప్పా, దేవునితో బేరమా? నోట్లోంచి వచ్చిన అంకె. కదపగూడదు."

సరే, కదలని అంకె దేనికి లొంగుతుందో చూద్దామని అరుగు మీద సుద్దముక్కతో కూర్చున్నాడు. రెండుకు లొంగదు, బేసి. మూడుకు లొంగదు, అంకెలు కూడితే రెండే. ఏడు, పదకొండు, పదమూడు... డెబ్బై ఒకటి దాకా అన్నిటికీ ఎంతో కొంత మిగిలింది. విసుగ్గా డెబ్బై మూడు వేశాడు. నూట ముప్పై ఏడు సార్లు. శేషం సున్నా.

మళ్లీ వేశాడు. మళ్లీ సున్నా. రెండు నుంచి నూరు దాకా ఆ అంకె ఒప్పుకున్నది ఆ ఒక్కదాన్నే.

జాబితా తీసి డెబ్బై రెండో పేరు కింద ఖాళీని చూశాడు. పదివేల ఒకటికి సుంకమ్మ ఎవరో తెలియదు. తెలిసిన తానేమో ఎండకు జడిసి, వంక ఇవతలే నిలబడి ఇళ్లు లెక్కపెట్టి వచ్చాడు.

"అంకె కదపగూడదన్నావు గదా" అన్నాడు బయ్యన్నతో. "అయితే జాబితా కదపల్ల. సుంకమ్మతో డెబ్బై మూడు."

బయ్యన్న గొణిగాడు. కానీ ఇంటికి నూట ముప్పై ఏడు, మిగులు లేదు, తగువు లేదు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

శనివారం అందరివీ అయిపోయినా సుంకమ్మ మధ్యమధ్య మోకాళ్లు పట్టుకుంటూ పోస్తూనే ఉంది.

"చెంబు ఇటియ్యి అక్కా, ఇంకా ఉన్నేటివి నేను పోస్తా" అంది తూర్పువీధి ఆంజినమ్మ.

"పో పాపా. నా నూట ముప్పై ఏడు నావే."

ఊరంతా కూర్చుని చూసింది. ఆఖరి చెంబు విగ్రహం మీంచి జారి తొట్టిలో పడింది.

"ఏమన్నా మిగిల్నాయా సారూ?"

"ఏమీ మిగల్లేదు సుంకమ్మా."

"అట్లయితే తొట్టికి ఇడుస్తా" అంటూ ఆమె వంక వైపు తిరిగి మేకల్ని కేకేసింది.