టీవీ పెట్టెలోని తెల్ల పలక

నేను ఒక థర్మోకోల్ పలకని. నవ్వితే నవ్వండి, నాకేం నామోషీ లేదు. కెమెరాలూ నాణేలూ సైకిళ్ళూ తమ కథలు చెప్పుకుంటే చెవులొగ్గి వింటారు కదా, నాకేం తక్కువ? బరువు తక్కువ, అంతేగా! బాపట్ల పానకాలు గారు తీసిన మంచి ఫోటో ఒకటుందని ఎవరైనా చెబితే, అందులో సగం పని నాది. ఈ మాట ముందే అనేస్తే ఒక పనైపోతుంది.

పంచదార పలుకుల్లాంటి గింజల్ని అచ్చులో పోసి ఆవిరి పెడితే, అవి పేలాల్లా ఉబ్బి, ఒకదాన్నొకటి కరుచుకుని నేనయ్యాను. నా ఒళ్ళంతా గాలే. ఆ సంగతి నేను ఒప్పుకుంటాను, మనుషుల్లో ఎంతమంది ఒప్పుకుంటారు? ఒక పెద్ద టీవీ అద్దానికి దెబ్బ తగలకుండా దాని ముందు నన్ను నిలబెట్టి అట్టపెట్టె మూసేశారు. దారిలో లారీ కుదుపులన్నీ నేను తిన్నాను. తీరా బాపట్లలో పెట్టె విప్పగానే టీవీకి బొట్టు పెట్టి హారతిచ్చారు. నన్ను అటక మీదికి తోశారు.

పారేయలేదే అంటారా? తెలుగువాళ్ళ ఇళ్ళలో టీవీ పెట్టె పారేయరండీ. "రేపు ఇల్లు మారితే కావద్దూ?" అంటారు. సొంత ఇల్లు కట్టుకుని, పునాదిలో నవధాన్యాలు పోసి, ఇక కదిలేది లేదని కూర్చున్నవాళ్ళూ అదే మాట అంటారు. అలా నేను మిక్సీ పెట్టెకీ ఫ్యాను పెట్టెకీ మధ్య స్థిరపడ్డాను. ఆ అటక హాల్లోకే ఉండటంతో, కింద జరిగేదంతా నాకు కనిపించేది.

ఇంటాయన పానకాలు గారికి బజారులో కళ్ళజోళ్ళ షాపుంది. ఊరందరి చూపూ ఆయనే సరిచేస్తాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఫోటోలు. ఆదివారం తెల్లారేసరికి సూర్యలంక సముద్రం ఒడ్డున ఉంటాడు. సూర్యుడు, పడవ, కొంగ. మర్నాడు షాపులో వచ్చినవాళ్ళకల్లా అవే చూపిస్తాడు. మళ్ళీ ఆదివారం సూర్యుడు, పడవ, కొంగ. ఆ కొంగలకి కూడా ఈయన మొహం మొత్తి ఉంటుంది.

ఇంటావిడ సామ్రాజ్యం గారు. రెండో కాన్పు తర్వాత ఆవిడ ఎడమ చెంప మీద చిన్న తెల్లమచ్చ లేచి, పెదవి దాకా పాకి, చేతివేళ్ళ మీదికీ వచ్చింది. అంటుకునేది కాదు, నొప్పి పెట్టేదీ కాదని డాక్టరు చెప్పాడు. ఊరుకోనిది జనమే. ఈ మనుషుల సంగతి నాకు అస్సలు అర్థం కాదు. తెల్లబడాలని క్రీములు రుద్దుకు చస్తారు, ఒకచోట తానై తెల్లబడితే పైట కప్పి దాస్తారు! నిలువెల్లా తెలుపైన నేను ఎవరితో చెప్పుకోను? అప్పటినుంచి ఆవిడ ఏ ఫోటోలోనూ లేదు. పెళ్ళయినా పేరంటమైనా, "మీరంతా నిలబడండి, నేను తీస్తా" అని ఫోను అందుకునేది. పానకాలు ఏనాడూ కాదనలేదు.

ఇంతలో టీవీలో 'ఒక్క ఫోటో' అని పోటీ మొదలైంది. పోటీకి వచ్చినవాళ్ళకి ఒక అంశమిచ్చి, గడియారం చూసి గడువు పెట్టి ఊళ్ళోకి వదులుతారు. ఎన్ని తీసినా, తిరిగొచ్చాక జడ్జీలకి ఒక్కటే చూపించాలి. పానకాలు ఆ కార్యక్రమం వస్తుంటే అన్నం కూడా టీవీ ముందే తినేవాడు. మొదట్లో ఆయన నేర్చుకున్న విద్యలు చెబితే మీరు నవ్వుతారు. ఒళ్ళంతా జేబులున్న కోటు కొన్నాడు. ఒక కన్ను మూసి గాల్లో వేళ్ళతో చట్రం కట్టాడు. ఎవరో బోర్లా పడుకుని తీస్తే, తనూ చెరువుగట్టున బోర్లా పడుకుని బురదతో ఇంటికొచ్చాడు.

"ఫోటో సంగతేమో గానీ, గేదెలు నిన్ను చూసి వరస కలిపేట్టున్నాయి. ముందు బావికాడికి పో" అంది సామ్రాజ్యం.

పోనీలెండి, మంచిదీ ఒకటి పట్టాడు. ఒక వారం ఎవరో అమ్మాయి, కిటికీ దగ్గర కూర్చున్న వంటమనిషికి రెండో పక్కన తెల్లట్ట నిలబెట్టి ఫోటో తీసింది. నీడలో ఉన్న చెంప తేటపడింది. పానకాలు కంచం పక్కన పెట్టి, స్టూలేసుకుని అటకెక్కాడు. "ఇదుగో, మనింట్లోనే పడుందే!" అని నన్ను దించి తుడిచాడు. వెలుగొచ్చే పక్క కిటికీ, ఎదురుపక్క నేను. వచ్చిన వెలుగుని పట్టుకుని నీడలోకి మళ్ళించడం నా పని. వంకాయల మీద, ఉప్పుజాడీ మీద, ఆయన తల్లి శేషమ్మ గారి మీద సాధన చేశాడు. ఎన్నాళ్ళు అటక మీద పడున్నా, పనిలో దిగాక నాకు తిరుగులేదు.

ఆ తర్వాతి వారం పొగమంచులో కొండ తీసుకొచ్చిన కుర్రాడితో, నేతచీర కట్టుకున్న పెద్దావిడ జడ్జీ అంది: "బాగుంది బాబూ. పోయిన వారమూ దూరంగానే నిలబడ్డావు. మనిషి దగ్గరికి వెళ్ళాలంటే భయమా?" పానకాలు మొహం చిన్నబోయింది. ఆ దెబ్బ తగిలింది కుర్రాడికి కాదు, బాపట్లలో ఈయనకి. ఆ వెంటనే చూసేవాళ్ళకీ ఒక పోటీ ప్రకటించారు. అంశం 'మా ఇంటి మనిషి'. గెలిచినవాళ్ళకి వచ్చే ఏడు పోటీలో చోటు. దానికోసం ఈయన ప్రాణమైనా ఇచ్చేట్టున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి, "సామ్రాజ్యం, నీ ఫోటో తీస్తా" అన్నాడు.

"అత్తమ్మ ఉందిగా."

"నీదే కావాల."

"టీవీ కోసమా, నా కోసమా?"

"రెండూ..." అని నసిగాడు. ఆవిడ పొయ్యి కట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత వెనక వసారాలో మునగాకు ముందేసుకుని కూర్చుంది. నాకు గుండె ఉంటే అప్పుడు ఆగిపోయేది!

ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? ఆవిడ కుడిచెంపని వెలుగు వైపు తిప్పి, ఎడమచెంపని చీకట్లోకి నెట్టి, నన్ను గోడకి ఆనించి తీశాడు. పైగా గొప్పగా చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"సగమే ఉన్నానేందయ్యా? ఈ సగం ఏం పాపం జేసింది?"

"అట్టా కాదు, నీడుంటే కాస్త ఆర్టుగా..."

"ఆర్టూ లేదు, గీర్టూ లేదు. నువ్వు గూడా దాస్తన్నావు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ మనిషి మీద ఒళ్ళు మండింది. ఊరందరికీ అద్దాలు బిగించే మనిషికి పెళ్ళాం మొహం పూర్తిగా చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కెమెరా లేకుండా వసారాలోకి వచ్చి, మళ్ళీ మునగాకు ముందేసుకున్న ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. టీవీలో గెలిచేవాళ్ళు కెమెరా సంచిలోనే ఉంచి ముందు మాటలు కలుపుతారని ఆయన వారం వారం చూశాడు. ఇన్నాళ్ళకి అది తలకెక్కింది. ఇద్దరూ కాసేపు మునగాకు దూశారు.

"నీకు బాధ కలుగుద్దని అట్టా తీశానని చెబుదామనుకున్నా. అబద్ధం. చూసినోళ్ళు ఏమంటారోనని నాకే భయమే" అన్నాడు.

"తెలుసులే. ఎప్పటినుంచో తెలుసు" అంది ఆవిడ. ఆకు దులిపి చాటలో పోసింది. "తీస్తే మొత్తం తియ్యి. లేదంటే ఆ కొంగల దగ్గరికే పో."

ఆయన పరుగున వెళ్ళి కెమెరా తెచ్చి, నిన్నటినుంచీ గోడకి ఆనుకునే ఉన్న నన్ను తీసి ఆవిడ ఎడమపక్కన నిలబెట్టాడు. పెరటి ఎండ వచ్చి నా మీద పడింది. నేను దాన్ని ఆవిడ చెంప మీదికి మళ్ళించాను. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా, ఒక్క గీత కూడా దాగకుండా ఆ మొహం విప్పారింది. ఆవిడ కెమెరాలోకి సూటిగా చూసింది, ఏదో అనబోయి నవ్వాపుకుంది. ఆయన అప్పుడు నొక్కాడు. అంత అందం నేను ఏ టీవీలోనూ చూడలేదు, నేను టీవీకి ముక్కు ఆనించి ప్రయాణం చేసినదాన్ని.

"పంపనా?" అని అడిగాడు.

"వద్దు. ఊరంతా చూడటానికి నాకింకా మనసు రాలేదు."

ఆయన పంపలేదు. గడువు తేదీన ఫోను చేతిలో పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరగడం నేను చూశాను. ఆవిడకి చెప్పకుండా పంపినా అడిగే దిక్కు లేదు. అయినా ఫోను గూట్లో పెట్టేసి షాపుకి పోయాడు. ఆదివారం ఇంకెవరో గెలిస్తే, కళ్ళు చెమ్మగిల్లుతున్నా చప్పట్లు కొట్టాడు. ఫోటోలు నేర్చుకోవాలని టీవీ ముందు కూర్చునేవాళ్ళకి నాదొక మాట. వెలుగు పట్టడం అక్కడ చూసి నేర్చుకోండి, తీసినవాటిలోంచి ఒక్కటే ఏరుకోవడం నేర్చుకోండి, తిట్టించుకోవడం కూడా నేర్చుకోండి. ఆ గడియారం తొందర మాత్రం అక్కడే వదిలిపెట్టండి. మనుషులు సరేననడానికి గడువు తేదీ ఉండదు.

ఇప్పుడు నా అంచులు పెచ్చులూడుతున్నాయి. ఏదో ఒక రోజు చెత్తబండి ఎక్కుతాను. మట్టిలో కరగని ఒళ్ళు నాది, ఎక్కడ పడేసినా చాలాకాలం ఉంటాను. చెప్పుకోవడానికి నాకు ఒకటి మిగిలింది.

పోటీ ముగిసిన కొన్నాళ్ళకి శేషమ్మ గారికి ఎనభై నిండాయని డాబా మీద వేడుక చేశారు. బంధువులంతా వచ్చారు. ఫోటోలకి ఒకాయన్ని పిలిచారు. పానకాలు పక్కన నన్ను పట్టుకుని నిలబడ్డాడు. అందరూ వరసలు కట్టాక, ఎవరూ పిలవకుండానే సామ్రాజ్యం వచ్చి అత్తగారి పక్క కుర్చీలో కూర్చుంది. ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, మర్యాదగానే అన్నాడు:

"పిన్నిగారూ, మొహం కాస్త అటు తిప్పండి. ఆ పక్క కనపడకుండా తీస్తాను."

"తిప్పను నాయనా. ఈ పక్క గూడా నేనే" అంది ఆవిడ. తర్వాత మొగుడి వైపు చూసింది. "ఏమయ్యా, గుడ్లప్పగించి నిలబడ్డావేంది? ఆ పలక ఇటు పట్టు. నా చెంప మీద నీడ పడతంది."