అద్దె గదిలో పడిన నీడ

లిఫ్టు మెకానిక్ ఇంట్లో కుట్టు మిషను వంటింట్లోనే ఉండేది. దాన్ని జరిపితే గాని స్నానాల గది తలుపు తెరుచుకోదు, తలుపు తెరుచుకుంటే గాని అతని తల్లి స్నానానికి వెళ్ళలేదు. ఆవిడ పిలిచినప్పుడల్లా కోడలు, సగం కుట్టిన ప్యాంటు పళ్ళతో పట్టుకుని, మిషను పక్కకి లాగేది.

అలాంటి ఇంటికి డబ్బొచ్చింది. అతను ఒకప్పుడు పనిచేసిన, ఎప్పుడో మూతపడ్డ మిల్లు, అందరూ నీళ్ళొదులుకున్న పాత జీతాలు ఇచ్చేసింది. దాంతో నీడలూ వచ్చాయి. చేతిలో డబ్బు పడ్డ ఇంట్లో, మనసు పడ్డ వస్తువు కంటే ముందు దాని నీడ వచ్చి పడటం ఆ వీధిలో మామూలే. తల్లి మంచం పక్కన ఫ్రిజ్ నీడ పడింది. మెట్ల కింద స్కూటరు నీడ పడింది, అద్దాలతో సహా.

"ఈ ఫ్రిజ్ కాస్త అటు జరిగి పడకూడదూ, కాళ్ళకి అడ్డం," అని తల్లి సణిగింది.

నీడల విషయంలో ఒక్కటే జాగ్రత్త. దాని మీద ఇంకో వస్తువు పెట్టకూడదు. కింది వాటా కండక్టరు, భార్య హార్మోనియం నీడ మీద బీరువా పెట్టించాడు. ఆనాటి నుంచి ఆవిడ కూనిరాగం కూడా తీయలేదు. అలిగి కాదు, పాటంటే ఇష్టమన్న సంగతే మర్చిపోయింది.

"నీకేం వద్దా?" అని మెకానిక్ భార్యని అడిగాడు.

"నాకేం కావాలి చెప్పండి," అంది ఆమె, దారం కొరుకుతూ.

అతను మంచం కింద కూడా వెతికాడు. నీడ లేదు. మా ఆవిడకి కోరికలే లేవని పనిలో గొప్పలు పోయాడు. లోలోపల మాత్రం, ఇంకాస్త మంచి స్కూటరు కొనుక్కోవచ్చని సంబరపడ్డాడు.

స్కూటరుకి అడ్వాన్సు కట్టడానికి అతను చెప్పులు వేసుకుంటుంటే, పక్క సందులో ఖాళీ గది ఉన్న ఓనరు రుసరుసలాడుతూ వచ్చాడు.

"మీ ఆవిడ నీడని మా గదిలోంచి తీయిస్తారా, లేదా?"

"మా ఆవిడదా? ఆమెదేనని ఎలా తెలుసు?"

"చక్రానికి గుడ్డ చుట్టిన కుట్టు మిషను ఈ వీధిలో ఇంకెవరికుంది? ఏళ్ళ తరబడి పలచగా ఉండేది, పోనీలే అని ఊరుకున్నాను. మీ డబ్బొచ్చాక నల్లగా ముదిరింది. సాయంత్రం ఒకాయన పాత టైర్లు దింపుతున్నాడు. తర్వాత నన్ననకండి."

వంటింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. మెకానిక్‌కి కండక్టరు భార్య ముఖం గుర్తొచ్చింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు.

"అడిగినప్పుడు చెప్పలేదేం?"

"మీరు అడిగేసరికే స్కూటరు నీడ పడిపోయింది కదండీ," అంది ఆమె. గొంతులో నిష్ఠూరం లేదు. అతనికి కోపం వచ్చింది గాని, ఎవరి మీద పడాలో తెలియలేదు. తల్లి వైపు చూశాడు.

"నన్ను చూడకు. నా ఫ్రిజ్ నాకు కావాల్సిందే," అంది తల్లి.

స్కూటరు డబ్బు గది ఓనరు చేతిలో పెట్టి, మెకానిక్ మిషనుని భుజానికెత్తుకున్నాడు. భార్య వెంట నడిచింది. టైర్ల బండి సందు మలుపు తిరిగేసరికి మిషను ఆ గదిలో తన నీడ మీద కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. దాని పక్కన, కిటికీ దగ్గర, ఒక కుర్చీ నీడ కూడా ఉంది.

"కుట్టించుకునేవాళ్ళకా?" అన్నాడు.

"వాళ్ళు నిలబడతారు లెండి. రోజంతా లిఫ్టుల్లో నిలబడి వస్తారు కదా, మీకని," అంది ఆమె.

అతను ఇంటికి వచ్చి చూస్తే మెట్ల కింద నేల మీద ఎండ తప్ప ఏమీ లేదు. కాసేపు బాధగానే నిలబడ్డాడు. లోపల తల్లి అలవాటు కొద్దీ "అమ్మాయ్, మిషను జరుపు," అని కేకేసి, జవాబు రాకపోతే తలుపు తోసింది. అది బార్లా తెరుచుకుంది.