నీలి బాన బతికే ఉంది

నేను ఒక నీలి బానను. మెడ వరకు నేలలో పూడ్చి ఉంటాను కాబట్టి నాకు కనిపించే లోకమంతా పాక కప్పూ, నా మీదికి వంగే మొహాలూ మాత్రమే. ఈ పుష్యమాసంలో ఆ మొహాల్లో ఒకటి గడ్డపార పట్టుకుని వంగింది. దాన్నుంచి ఎలా బయటపడ్డానో ఎవరికైనా చెప్పుకుంటే గాని నా దడ తగ్గదు.

కుమ్మరి నన్ను వడ్లు పోసుకోవడానికని చేశాడు. ఇప్పుడు నాతో రంగు అద్దే రుద్రయ్య ఉన్నాడే, ఆయన తండ్రి సంతలో నన్ను వేలితో కొట్టి, మోత విని, బండిలో వేసుకొచ్చి నాలో నీలిమందు కలిపాడు. ఆయన పోయాక డబ్బాల్లో రంగుపొడులు వచ్చాయి. గంటలో రంగు ఉడికిపోతుంటే పసిపిల్లలా సాకాల్సిన నన్నెవరు చూస్తారు? తవ్వి తీసి కొట్టంలో పెట్టి, పదిహేనేళ్లు బర్రెల కుడితి పోశారు. తర్వాత పట్నం వాళ్లకు పాతకాలపు రంగుల మీద మోజు పుట్టింది. నేను మళ్లీ లక్ష్మీదేవినయ్యాను! కుడితి వాసన పోవడానికి రుద్రయ్య కోడలు, అండాలు ఆమె పేరు, నన్ను వారం రోజులు తోమింది. మనుషులిచ్చే గౌరవం గాలివాటం, అందుకే అలగడం ఎప్పుడో మానేశాను.

నాలో నీలిమందు, సున్నం, ఉడికించిన తగిరిస గింజలు కలిసి పులవాలి. పులిస్తేనే నూలుకు రంగు పడుతుంది. చలి ముదిరితే పులవడం ఆగిపోతుంది, నా పని అయిపోతుంది. అందుకని రుద్రయ్య చలికాలమంతా నా చుట్టూ సన్నసెగకు పిడకల దాలి రాజేసి, గడ్డి కప్పి, రోజూ పొద్దున్నే ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తాడు. ఆ నాలుక ఏనాడూ తప్పు చెప్పలేదు.

పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు. ఈసారి ఆ కాస్త పొద్దునూ పొగమంచు మింగేసింది. ఒకరోజు రుద్రయ్య నూలు పోగుల లడి ఒకటి ముంచి తీసి, గాలికి పట్టి, మొహం చిట్లించాడు.

"గిదేం రంగు? బురద లెక్కున్నది."

చుక్క నాలుక మీద వేసుకున్నాడు. రుచి సరిగ్గానే ఉంది. అయినా ఆయన నాలుకను కాదని కంటినే నమ్మాడు. మనుషులంతా అంతే. మళ్లీ ముంచాడు, మళ్లీ తీశాడు. పది మునకలు, పదిహేను మునకలు. చలికి నేను చచ్చిపోతున్నానని దాలి రెట్టింపు చేశాడు. నేను నిక్షేపంలా ఉన్నాను, పొర కమ్మింది నీ కళ్లకయ్యా అని చెబుదామంటే నాకు నోరు లేదు.

నోరున్నది అండాలుకు. మగ్గం మీద ఆ నూలు నేసేది ఆమే. లడీలు కాటుక కంటే నల్లగా వస్తున్నాయని మొదటి రోజే గమనించింది. కానీ రంగు సంగతిలో ఊరంతా రుద్రయ్య మాటే వేదం. మామ రంగు తప్పిందని కోడలు ఎలా అంటుంది? ఆ లడీలను అటక మీద దాచేసి, పోయినేటి నూలుతో నేసుకుంటూ కూర్చుంది. ఆమె మర్యాద నా ప్రాణం మీదికి తెచ్చింది.

పదో రోజున రుద్రయ్య గడ్డపారతో వచ్చాడు. చచ్చిన బానను ఇంట్లో ఉంచకూడదని వాళ్ల ఆచారం. పగలగొట్టి, గొయ్యి పూడ్చి, తలస్నానం చేస్తారు. నా అంచు మీద చెయ్యి వేసి, "మా నాయిన బాన. నా చేతులల్లనే సచ్చింది. ఇగ నాకీ పనే వద్దు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అండాలు పరుగున వచ్చి, అటక మీది లడీలన్నీ ఆయన ముందు కుప్ప పోసింది.

"మామా, కోపం చేయకు. బాన సావలే. రంగు పట్టక కాదు, ఎక్కువ పట్టి నల్లగైనయి. నీ కండ్లే..." అని ఆగిపోయింది.

రుద్రయ్య ఒక లడిని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"ఎన్నొద్దుల సంది ఎరుక నీకు?"

"పది దినాల సంది."

"మరి నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

అంటూనే గడ్డపార కింద పడేశాడు. అంత కమ్మని చప్పుడు నేనింతవరకు వినలేదు.

జిల్లా ఆసుపత్రిలో రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. పొగ తగలకూడదన్నారని ఆయన పాకలోకి రాలేదు. దాలి అండాలే చూసుకుంది. నా చుక్క నాలుక మీద వేసుకుని మొదట్లో థూ అని ఉమ్మేది. నాలుగు రోజుల్లో ఉమ్మడం మానేసి, సున్నం ఎంత తక్కువైందో చెప్పడం మొదలుపెట్టింది.

రుద్రయ్య తిరిగొచ్చిన రోజు కూడా మంచు వీడలేదు. నల్లద్దాలు తీసి, ఒక లడి ముంచి తీశాడు. పచ్చగా పైకొచ్చిన నూలు గాలి తగలగానే ఆయన చేతుల్లోనే నీలంగా మారింది.

"ఒక్క మునకకే!" అన్నాడు. తలెత్తి అండాలును చూసి, "బిడ్డా, నీ చీర గింత మంచి నీలమా! ఎవలద్దిన్రు?" అని అడిగాడు.

"నువ్వే మామా. పోయినేడు."

రుద్రయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తాడనుకున్నాను గాని పెద్దగా నవ్వాడు. నా మీద నురగ పొంగింది.

"లడీలు తే బిడ్డా," అన్నాడు. "ఇంట్లున్నయన్నీ తే."