ప్రతి అక్షరం నిజం

మధుసూదన్‌రావుకు దయ్యాలంటే చచ్చేంత భయం. చీకటి పడ్డాక పెరట్లోకి పోవాలంటే ఈ వయసులో కూడా భార్య జానకీబాయిని తోడు లేపుతాడు. అలాంటి మనిషి దయ్యాల పుస్తకాలు అచ్చేయడమేమిటని కరీంనగర్‌లో అతన్ని ఎరిగినవాళ్లంతా నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ, వీళ్లకేం తెలుసు సాహిత్యం, అనుకునేవాడు రావు.

పెళ్లికార్డులు, బిల్లు బుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. అతని ప్రెస్సుకు కూడు పెట్టేవి అవే. ఏడాదికొకసారి మాత్రం ‘మసక ప్రచురణలు’ అన్న పేరుతో వింత కథల పుస్తకం ఒకటి తీసేవాడు. వంద కాపీలే. కాపీ కాపీకీ ఎర్ర సిరాతో నంబరు వేసి, కింద సంతకం గీకేవాడు. ఆఖరి కాపీ బయటికి రాగానే పేర్చిన టైపంతా విడగొట్టించి అక్షరాల అరలుండే కేసుల్లో సర్దించేసేవాడు. మళ్లీ ఎవడడిగినా దొరకకూడదు. ఆ దొరకకపోవడంలోనే ఉంది మజా. విజయవాడ నుంచి, బరంపురం నుంచి, బొంబాయి నుంచి కూడా ఒక్క కాపీ ఇప్పించండి మహాప్రభో అని ఉత్తరాలొచ్చేవి. అవి చదివిన రోజు మన రావుగారి కాళ్లు నేల మీద ఆనేవి కావు.

విడగొట్టనిది ఒకే ఒక్క లైను. ‘ఇందులోని ప్రతి అక్షరం నిజం.’ ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ అది ఉండాల్సిందే కనుక, కంపోజిటర్ రాజయ్య ఆ లైనును దారంతో గట్టిగా కట్టి కిటికీ గట్టు మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాడు. చదివేవాడి వెన్నులో చలి పుట్టించేది కథ కాదు, ఆ లైనేనని రావు నమ్మకం. నిజంగా నిజమేనా సార్ అని ఎవరైనా అడిగితే అదోలా నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వును అద్దంలో కూడా చూసుకున్నాడని నా అనుమానం.

అచ్చయిన కాగితాలు మడిచి, వరస పెట్టి, సూదీ దారంతో కుట్టే పని లింగవ్వది. ఆమెదీ హుజూరాబాద్ దగ్గర రావు సొంతూరే. భర్త హనుమండ్లు దుబాయి పోయాడు. మొదట్లో ఉత్తరాలొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అత్త బుచ్చవ్వనూ మరిది అంతయ్యనూ ఊళ్లో ఉంచి, ఆమె కరీంనగర్ వచ్చి ఈ పనిలో చేరింది. చదువు రాదు. పేజీల అడుగున అంకెలు మాత్రం గుర్తుపట్టేది. మొదట ‘దొరా’ అని పిలిచేది. కాలం మారింది, సార్ అనమని రావే నేర్పాడు.

ఒక మధ్యాహ్నం కుడుతూ కుడుతూ తనలో తను అనుకున్నట్టు అంది.

“మాపటియాల్ల అయ్యిందంటె ఆయన వచ్చినట్టే అయితది సారూ. కిర్రు చెప్పుల సప్పుడు ఇనవడ్తది. లేశి సూస్తె ఎవ్వలుండరు. అయినా ఒక పల్లెంల బువ్వ పెట్టి మూత పెడ్త.”

మనిషన్నవాడికైతే ఆ మాటకు జాలి పుడుతుంది. మన రావుకు ఒళ్లు గగుర్పొడిచింది. వారం తిరక్కుండా కథ రాసిపారేశాడు. దుబాయిలో మేడ కడుతూ జారిపడి చచ్చిపోయిన మొగుడు, కబురు అందని పెళ్లాం, రోజూ పొద్దుగూకే వేళ గడపలో కిర్రు చెప్పుల చప్పుడు, వచ్చినవాడు చచ్చినవాడని తెలియక ఆమె వడ్డించే అన్నం. పేరు మారుద్దామని చూశాడు గానీ ఏ పేరు పెట్టినా కథ చప్పబడిపోయింది. హనుమండ్లు అన్నప్పుడు ఉన్న బరువు వేరు. పోనీలే, లింగవ్వకు చదువు రాదుగా అనుకున్నాడు. సరిగ్గా ఆ మాటే అనుకున్నాడు, తర్వాత ఎన్ని రోజులు ఆ మాట అతన్ని కాల్చిందో చెప్పలేను.

ఆ కాగితాలను కూడా లింగవ్వే మడిచి కుట్టింది.

“గిది దేని కథ సారూ?” అని అడిగింది కూడా.

“దయ్యం కథ.”

“అబ్బో, నాకొద్దు తల్లీ,” అని నవ్వింది.

అలవాటు ప్రకారం ఒక కాపీ హుజూరాబాద్‌లో ఎరువుల కొట్టు నడిపే బావ విద్యాసాగర్‌రావుకు పంపాడు. ఆ బావకు చదివి వినిపించడం సరదా. యూరియా కోసం వచ్చిన రైతులను కూర్చోబెట్టి గొంతెత్తి చదివాడు. విన్నవాళ్లలో అంతయ్య ఉన్నాడు.

చనిపోయిన పెద్దల పేర బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్య దగ్గరపడుతోంది. ఒక ఉదయం ప్రెస్సులో రావుకు ఎదురుగా వరంగల్ నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన కూర్చుని, తన కాపీ మీద సంతకం కోసం కలం మూత తీసి మరీ ఇస్తున్నాడు. గుమ్మంలో లింగవ్వ కనిపించింది. వెనక పుస్తకం పట్టుకుని అంతయ్య. ఆ పుస్తకం చూడగానే రావుకు సంగతి అర్థమైంది. తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది అనుకుని గుండె చిక్కబట్టుకున్నాడు.

“సారూ, మీకెట్ల తెలిసింది?” అంది లింగవ్వ.

“ఏంది?”

“ఆయన పోయిన ముచ్చట. మీకెవలు చెప్పిండ్రు? నాకు జెప్తె తట్టుకోదని పుస్తకంల రాసిండ్రా?”

తిట్టినా బాగుండేది. ఆమె గొంతులో కోపం లేదు. సారు తన మీద దయ తలచి ఆ కబురును ఇన్నాళ్లూ దాచాడని నమ్ముతోంది.

అంతయ్య మొదటి పేజీ తెరిచి ఆ లైను కింద వేలు పెట్టాడు. “ప్రతి అక్షరం నిజమని రాశి ఉన్నది సారూ. ఊరంత ఏడ్సింది. మా అవ్వ బువ్వ ముట్టుతలేదు.”

కేసు ముందు నిలబడ్డ రాజయ్య చేయి ఆగిపోయింది. “అయితే ఇది నిజంగా జరిగిందా!” అని లెక్చరర్ గొణిగాడు. అతని ముఖంలో భయమూ భక్తీ కలిసి వెలిగాయి. ఆ వెలుగు ఆరిపోతుందేమోనని, అంతే, ఆ ఒక్క కారణానికి, రావు నోట్లోంచి మాట జారింది.

“దుబాయి నుంచి వచ్చిన ఒకాయన చెప్పిండు.”

లింగవ్వ ఏడవలేదు. రెండు చేతులూ ఒకదానిలో ఒకటి బిగించి పట్టుకుంది. “మట్టి మంచిగనే చేశిండ్రటనా సారూ?”

“ఆ. మంచిగనే చేశిండ్రట.”

రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది. పెత్రమాసనాడు ఆయన పేర బియ్యం ఇస్తామని, పనికి కొన్నాళ్లు రానని చెప్పి లింగవ్వ దండం పెట్టింది. తనకే దండం పెట్టింది. వాళ్లు వెళ్లాక లెక్చరర్ పుస్తకం ముందుకు జరిపాడు. రావు సంతకం చేశాడు. చేశాక తన చేతి వైపు చూసుకున్నాడు, అసహ్యం వేసింది.

ఆ తర్వాత అన్నం సహించలేదు. సిగ్గనేది ఇలా ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు. జానకీబాయి గుచ్చి గుచ్చి అడిగితే కక్కేశాడు.

“దయ్యమంటె భయపడ్తరు. మనిషి ఉసురంటె భయం లేకపాయె మీకు. రేపే గదా పెత్రమాస? మొదటి బస్సుకు పోయి చెప్పుండ్రి,” అంది ఆమె.

ఊళ్లో దిగేసరికి ఆడపిల్లలు తంగేడు పూలు, గునుగు పూలు ఒళ్లో నింపుకుని ఇళ్లకు వెళుతున్నారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అంతయ్య వాకిట్లో మాత్రం పూలు లేవు. చాటలో బియ్యం, పక్కన పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క. బియ్యం అందుకోవడానికి పురోహితుడు అయ్యగారు పీట మీద కూర్చుని ఉన్నాడు. లింగవ్వకు చివరిసారిగా పసుపు రాసి, నొసట పెద్ద బొట్టు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగారు. బియ్యం ఇవ్వడం అయ్యాక బావి దగ్గర ఆ గాజులు పగులుతాయి.

రావును చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఆ లేవడం అతనికి మరీ బరువైంది.

“ఆగుండ్రి,” అన్నాడు. “నేను రాసింది అబద్ధం. ఎవ్వలు ఏం చెప్పలే నాకు.”

అంతయ్యకు అర్థం కాలేదు. “మొన్న ప్రెస్సుల చెప్పిండ్రు గదా?”

“అది గూడ అబద్ధమే.”

“మరి అచ్చేసింది?”

“అదీ అంతే.”

గోడకు ఆనుకుని కూర్చున్న బుచ్చవ్వ తలెత్తింది. “మీ తాత నోట్లకెల్లి మాటొస్తె ఊర్ల నిలవడేది దొరా. మీరు అచ్చేశి గూడ నిలవెట్టుకోకపోతిరి.”

రావు తల దించుకున్నాడు. లింగవ్వ గాజుల చేతులతో లేచి దగ్గరికొచ్చింది.

“అయితె ఆయన బతికే ఉన్నడా దొరా?”

సార్ పోయి మళ్లీ దొర వచ్చింది. ఉన్నాడు అని అనడం ఎంత తేలిక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె కళ్లు ఆ మాట కోసమే చూస్తున్నాయి.

“తెల్వది లింగవ్వా. నాకు నిజంగ తెల్వది.”

“మరి కథల ఎందుకు సంపిండ్రు?”

చెప్పడానికి అతని దగ్గర ఒక్కటే జవాబుంది. దాన్ని ఎటు తిప్పినా మెరుగుపడలేదు.

“కథ మంచిగుంటదని.”

లింగవ్వ వంగి చాట ఎత్తి, బియ్యాన్ని మళ్లీ కుండలో పోసింది.

“పెత్రమాస బియ్యం పెద్దలకు ఇచ్చేటియి,” అంది అయ్యగారితో. “ఆయన పెద్దలల్ల కలవలే. మీరు పోయి రాండ్రి.”

ఒక్కరూ తిట్టలేదు. ఎవరో మంచం వాల్చారు, ఇంకెవరో చాయ తెచ్చారు. ఇన్నాళ్లూ చచ్చాడనుకుని ఏడ్చిన అంతయ్య ఇప్పుడు దేనికి ఏడవాలో తెలియక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రావు ఆ చాయ తాగలేకపోయాడు, వద్దనలేకపోయాడు.

దసరా వెళ్లాక లింగవ్వ పనికొచ్చింది. వస్తుందని రావు అనుకోలేదు. కొత్త పుస్తకం మొదటి కాగితాలు అచ్చయి కట్టగా ఉన్నాయి. ఆమె దారం ఎక్కించిన సూది చేత్తో పట్టుకుని, పైకాగితం తీసి అతని ముందు పెట్టింది.

“ఏమున్నదో సదువుండ్రి సారూ. ఇన్నంకనే కుడ్త.”

రావు చూశాడు. పుస్తకం పేరు కింద, రాజయ్య అలవాటుగా కట్ట విప్పకుండానే బిగించిన ఆ లైను అలాగే అచ్చయింది.

“ఇందులోని ప్రతి అక్షరం నిజం,” అని చదివాడు.

“నిజమేనా?”

“కాదు.”

లింగవ్వ సూదిని దారపు ఉండకు గుచ్చేసింది. “అట్లయితె నేను కుట్ట. పెండ్లికార్డులు ఇయ్యుండ్రి, మడుస్త.”

రావు కిటికీ దగ్గరికి పోయి ఆ టైపు కట్ట అందుకున్నాడు. ఏళ్ల నాటి ముడి, సిరా పట్టి రాయిలా అయింది. గోళ్లతో విప్పుతూ నిలబడ్డాడు. రాజయ్య వచ్చి సాయం చేయబోతే వద్దని తల ఊపాడు.

పొద్దుగూకే వేళకు ముడి సగం వదులైంది. అప్పుడు మెట్ల మీద కిర్రు చెప్పుల చప్పుడు వినిపించింది. లింగవ్వ చేయి కార్డు మీద ఆగిపోయింది. రావు చేయీ ఆగిపోయింది. వచ్చేవాడు మనిషి కావాలని, ఆ మనిషే కావాలని, జన్మలో మొదటిసారి దేవుణ్ని వేడుకున్నాడు.

నెత్తిన రుమాలు చుట్టుకున్న పెద్దాయన లోపలికొచ్చాడు. కూతురి పెళ్లికార్డులు తయారయ్యాయా అని అడిగాడు.

“అయినయే బాపూ, కూసో,” అంది లింగవ్వ, కళ్లెత్తకుండానే తర్వాతి కార్డు అందుకుంటూ. రావు ఆమె వైపు తిరగలేక, విప్పుతున్న ముడి మీదికి ఇంకా వంగాడు.