పేర్లు లేని పుస్తకం

టౌన్‌హాలు మెట్ల మీద నుంచి వీధులూడ్చే ఆడవాళ్లను పోలీసులు కిందికి నెడుతుంటే, రికార్డు గది గుమాస్తా కిటికీలోంచి చూసింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితం ఆమె రాసిందే. అక్షరదోషం ఒక్కటి లేదు.

హాలు పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని కాంట్రాక్టరు తొందర. వెనక గది మాదని ఊడ్చేవాళ్లు అడ్డుపడ్డారు. తొంభై ఏళ్ల కిందట వాళ్ల తాతలూ అమ్మమ్మలూ సెలవు రోజుల్లో రాళ్లు మోసి ఈ హాలు కట్టారు. అందుకు బదులుగా ఆ గది ఎప్పటికీ వాళ్ల సమావేశాలకేనని ఒప్పందం. ఆ మాట ఆనాటి కూలీల హాజరు పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. పుస్తకం గుమాస్తా బీరువాలో ఉంది. మిగతా పేజీల నిండా వేలిముద్రలే.

భవనం చరిత్ర రాయమని మునిసిపల్ కమిషనరు అడిగినప్పుడు ఆమె ఒక వాక్యం చెక్కింది: "కూలీల పేర్లున్న పత్రమేదీ లభ్యం కాలేదు." అబద్ధం కాదు కదా! ఆయన మెచ్చుకుని, ఆ కాగితం ఆధారంగానే గది ఖాళీ చేయించమన్నాడు. ఆ పూట ఆఫీసు కాఫీ కూడా ఆమెకు రుచిగానే అనిపించింది.

ఇప్పుడు కింద ఒక ముసలామె మోచెయ్యి చీరుకుపోయి కూలబడింది. గుమాస్తా కాళ్లు వాటంతటవే మెట్లు దిగాయి. చంకలో పుస్తకం.

"పెద్దమ్మా, ఆ కాగితం రాసింది నేనే. పుస్తకం ఉంది. దాచాను."



"చదువుకున్నదానివి కదమ్మా!" అంది ఒకామె.

"చదువుకోబట్టే దాచింది," అంది ఇంకొకామె.

గుమాస్తాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తర్వాత," అంది ముసలామె. "ముందు అందరికీ కనపడేలా ఎత్తిపట్టుకో."

మద్దతుగా వచ్చిన కాలేజీ పిల్లలు పేజీ పేజీకీ ఫొటో తీశారు. ముసలామె లేచింది. "పదండే, మన గదిలోకి!" వంద మంది ఒక్కసారి మెట్లెక్కేసరికి లాఠీలు పక్కకు జరిగాయి. వెనక గది నేల మీద అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఎవరే మీ నాయకురాలు? పేర్లు చెప్పండి!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"మా పేర్లు దొరకలేదని రాయించారుగా బాబూ, అలాగే రాసుకోండి," అంది ముసలామె.

గది గొల్లుమంది. ఆ నవ్వుకే అరెస్టులు మొదలయ్యాయి. ఎవరూ పిలవకుండానే గుమాస్తా వ్యానెక్కింది.

"జరగండే, ఆవిడకి చోటివ్వండి," అంది ముసలామె. "క్షమించి కాదు. నిలబడి ప్రయాణం చేసే రకంలా లేదు, మన మీద పడుతుంది."

వ్యాను కదల్లేదు. తోటి పనివాళ్ల చెత్తబళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి గేటుకు అడ్డంగా ఆగుతున్నాయి. వ్యాను డ్రైవరు హారన్ కొట్టినకొద్దీ ఇంకో బండి వస్తోంది.