పడవ బరువు

ఇగ్నాత్సీ చూపు దెబ్బతిన్న రెండేళ్ళకు ఓతీలియా కారు వెనక చక్రాల మీది చిన్న ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని బయలుదేరింది.

అతని కళ్ళు పూర్తిగా పోలేదు. ఎటు చూస్తే అటు నడిమధ్యన మసి పూసినట్టుండి, చుట్టూ అంచులు మాత్రం కనబడేవి. బల్ల మీది టీ గ్లాసు తడుముకోకుండానే అందుకునేవాడు, ఎదురుగా కూర్చున్న భార్య ముఖం మాత్రం కనబడేది కాదు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజు నుంచి నోరు కూడా మూతపడింది. అంతకుముందు రాదోమ్‌లో కారెక్కితే మజూరీ సరస్సులు వచ్చేదాకా పాడుతూనే నడిపేవాడు. రాగం ఎటో, పాట ఎటో. పక్కన ఊలు అల్లుకుంటూ, కాస్త ఆపమని ఓతీలియా విసుక్కునేది. ఇప్పుడు విసుక్కునే పని లేక ఇల్లు బావురుమంటోంది.

పెరట్లో ఆపిల్ చెట్టు కింద కారవాన్‌కి నాచు పట్టింది. ఇగ్నాత్సీ రోజూ దాని దగ్గరికి వెళ్ళి గోడలు తడిమి వచ్చేవాడు. అమ్మేద్దామనలేదు, వెళ్దామనీ అనలేదు. కిటికీలోంచి చూస్తూ ఓతీలియా ఎన్నిసార్లు చేతిలో పని వదిలేసిందో.

మంచు కరిగాక ఆవిడ పక్కింటి ఫెలిక్స్ దగ్గరికి వెళ్ళి, కారవాన్ లాగడం నేర్పమంది. ఫెలిక్స్ బతుకంతా లారీ నడిపిన మనిషి. సంత లేని రోజుల్లో ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి నేర్పాడు. ముందుకు పోవడం తొందరగానే పట్టుబడింది. వెనక్కి పోవడం మాత్రం చుక్కలు చూపించింది. ఓ చెత్తడబ్బా సొట్టపోయాక ఫెలిక్స్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"వదినా, కారవాన్ కూడా మొగుడిలాంటిదే. ఎటు తిప్పితే దానికి ఎదురు పోతుంది. చెయ్యి స్టీరింగు అడుగున పట్టు. అప్పుడు చెయ్యి ఎటు జరిపితే అదీ అటే వస్తుంది."

"ఈ కిటుకు పెళ్ళికి ముందు చెప్పుంటే బాగుండేది," అంది ఓతీలియా.

సామాను సర్దడం కూడా అతని దగ్గరే నేర్చుకుంది. నీళ్ళ డబ్బాలు, గ్యాసు పొయ్యి, ఊరగాయ సీసాలు, బరువైనదేదైనా సరే, నేల మీద, సరిగ్గా చక్రాల పైన ఉండాలి. బట్టలూ దుప్పట్లూ పై అరల్లోకి. వెనక భాగం తేలిగ్గా ఉండాలి. జూన్‌లో ఒక ఉదయం అంతా అలాగే సర్దింది. కారవాన్ కొక్కెం కారు వెనకున్న ఇనుప బంతి మీద సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు ఎత్తి చూసింది. కొక్కెం ఊడితే కారవాన్‌ని ఆపే తీగ తగిలించింది, లైట్లు వెలుగుతున్నాయని ఫెలిక్స్ చేత చెప్పించుకుంది. దారిలో తినడానికి రొట్టె తేవడానికి ఒక్కసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది, అంతే.

ఒస్త్రొవెంకా ఊరు దాటాక రోడ్డు పల్లానికి దిగింది. పెద్ద లారీ ఒకటి రివ్వున పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి కారవాన్ ఒకసారి ఊగింది. తర్వాత ఆగలేదు. అటూ ఇటూ తోక ఝాడిస్తూ కారుని కూడా ఈడ్చసాగింది. అద్దంలో దాని తెల్లటి గోడ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనబడుతోంది. ఓతీలియా కాలు బ్రేకు మీదికి పోయింది.

"బ్రేకు వద్దు," అన్నాడు పక్క సీట్లోంచి ఇగ్నాత్సీ. "యాక్సిలరేటరు మీంచి పాదం తియ్యి. స్టీరింగు తిన్నగా పట్టుకో. దాంతో పోట్లాడకు, ఓతీ. అదే అలిసిపోతుంది."

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఆవిడ పాదం తీసింది. కారు నెమ్మదించింది, ఊగడం తగ్గింది, తగ్గి ఆగింది. పైన్ చెట్ల పక్కన బండి నిలిపాక ఆవిడకి వేళ్ళు స్టీరింగు వదిలి రాలేదు.

దిగి కారవాన్ తలుపు తీసింది. సర్దినవన్నీ సర్దిన చోటే ఉన్నాయి. వెనక మంచం కింద అర తెరిస్తే చుట్టిన రబ్బరు పడవ, దాని మోటారు, ఇనుప లంగరు. తను రొట్టె కోసం వెళ్ళినప్పుడు పెట్టి ఉంటాడు.

"వెనక బరువేస్తే తోక ఊపుతుందని ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషివి," అంది.

"తెలుసు."

"మరి?"

అతను చెట్లకేసి తిరిగి నిలబడ్డాడు. "అడిగితే వద్దంటావు. గుడ్డాడికి పడవెందుకంటావు."

ఓతీలియా అబద్ధమాడలేకపోయింది. "అనేదాన్నే."

ఇద్దరూ కలిసి పడవనీ మోటారునీ లంగరునీ చక్రాల పైకి వచ్చే చోటికి ఈడ్చారు. ఆ మేరకు బరువు తగ్గాలని ఆవిడ నీళ్ళ డబ్బాలు గడ్డిలో కుమ్మరించింది. అతను చేత్తో తడిమి, పట్టీలు ఇంకా బిగించమన్నాడు. తర్వాత దారంతా ఎంత నెమ్మదిగా పోవాలో, అద్దంలో ఏం చూడాలో చెబుతూనే ఉన్నాడు. పాట కూడా వస్తుందేమోనని ఓతీలియా చెవులు రిక్కించి నడిపింది. రాలేదు.

సరస్సు ఒడ్డున బిర్చి చెట్ల మధ్య కారవాన్ నిలిపేసరికి ఎండ వాలింది. ఇగ్నాత్సీ సామానేదీ దించనివ్వకుండా పడవకి గాలి కొట్టాడు. ఎక్కడికెళ్తావని ఆవిడ అడిగింది.

"ఎక్కడికీ పోను. నీళ్ళ మీద ఉంటానంతే."

ఓతీలియాకి ఈత రాదు. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి వేసవీ ఒడ్డునే కూర్చుని, అతను చిన్న చుక్కగా మారేదాకా చూసేది. ఈసారి పడవకి తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. అతని చేత నీళ్ళలో తేల్చే కోటు తొడిగించింది.

అతను తెడ్లు వేశాడు. ఆమె వైపే ముఖం ఉంది. ఆ ముఖంలో ఏముందో ఆమెకు తెలుస్తోంది, ఆమె ముఖం అతనికి తెలియడం లేదు. తాడు మెల్లగా వేళ్ళ మధ్యనుంచి జారుతూ పోయి బిగుసుకుంది.

"ఇంకొంచెం వదులు, ఓతీ."

వదలడానికి ఇంకేమీ లేదు. ఆ మాట చెప్పబోయి మానేసింది. చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. అడుగున బురద చల్లగా, మెత్తగా కూరుకుపోతోంది. మోకాళ్ళ దాకా వెళ్ళింది. గౌను తడిసి కాళ్ళకు చుట్టుకుంది. తాడు పట్టిన చెయ్యి ముందుకు చాచి, ఇంకో అడుగు వేసింది.

"వదులుతున్నా," అంది.